అలవాటు పడని కళ్ళు

పై ల్యాబుకు వెళ్ళిన స్లైడుల పెట్టె మంగళవారం తిరిగి వచ్చింది. మామిడివలస ఆసుపత్రిలో నెలకోసారి జరిగే పనే అది. వరహాలమ్మ మైక్రోస్కోపులో చూసి "మలేరియా లేదు" అని రాసిన స్లైడుల్లో కొన్నిటిని పైకి పంపుతారు. అక్కడ ఇంకొకరు చూసి, సరేనని తిప్పి పంపుతారు. పంతొమ్మిదేళ్ళుగా అవి సరేననే వస్తున్నాయి. ఈసారి ఒక స్లైడు అంచున ఎర్ర సిరాతో గీత పెట్టి ఉంది.

ఆమె దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి, నూనె చుక్క వేసి, కన్ను ఆనించింది. వెతకాల్సిన పని కూడా లేకపోయింది. గులాబీ రంగు రక్తకణాల్లో సన్నని నీలం ఉంగరాలు, ఒక్కో ఉంగరానికి ఒక్కో ఎర్ర చుక్క. మలేరియా. నిన్నగాక మొన్న పనిలో చేరిన పిల్లయినా పట్టుకునేంత స్పష్టంగా ఉంది.

రిజిస్టరు తీసి నంబరు వెతికింది. కొండమీది ఆశ్రమ పాఠశాలలో తొమ్మిదో తరగతి చదివే తాడంగి పార్వతి అనే పిల్ల రక్తం అది. "లేదు" అన్న కాగితం వెళ్ళాక ఆ పిల్లకు మామూలు జ్వరం బిళ్ళలు ఇచ్చి ఊరుకున్నారు. ఆరో రోజున స్పృహ తప్పితే పట్నం తీసుకుపోయారు. నాలుగు రోజులు కన్ను తెరవలేదు. ఐదో రోజున తెరిచింది. బతికింది.

పెద్ద డాక్టరుగారు వరహాలమ్మను పిలిచి కోప్పడలేదు. "రోజుకి అరవై స్లైడులు చూస్తావు. ఎవరికైనా తప్పుతుందమ్మా," అన్నారు. ఆయన కోప్పడి ఉంటే ఆమెకు కాస్త తేలిగ్గా ఉండేది.

ఆమెను తినేసింది తప్పు ఒక్కటే కాదు. ఆ స్లైడు చూసిన రోజు ఆమెకు గుర్తు లేదు. ఎంత తవ్వినా ఏమీ తగల్లేదు. ఆ రోజే కాదు, ఆ వారం గుర్తు లేదు, ఆ నెల గుర్తు లేదు. వచ్చింది, కూర్చుంది, కన్ను ఆనించింది, "లేదు, లేదు, లేదు, ఉంది, లేదు" అని రాసింది, లేచి ఇంటికి వెళ్ళింది. చేరిన కొత్తలో ఇలా ఉండేది కాదు. అప్పట్లో కళ్ళు మూసుకుంటే గులాబీ రంగు కణాలు ఈదుతూ కనిపించేవి. ఒక ఉంగరం దొరికిందంటే ఎవరికైనా చెప్పేదాకా ఆగలేకపోయేది. ఆ మనిషి ఎప్పుడు లేచి వెళ్ళిపోయిందో ఆమెకే తెలియలేదు.

సాయంత్రం ఇంటికి వెళ్ళి మొగుడికి చెప్పింది.

సన్యాసిరావు ఆమెకు మేనత్త కొడుకు. ఒకప్పుడు లారీ తోలేవాడు. ఎనిమిదేళ్ళ కిందట ఘాటు రోడ్డు మీద లారీ పల్టీ కొట్టి కుడికాలు మోకాలి దిగువన పోయింది. కట్టుడు కాలు పెట్టించుకుని, ఇంటి ముందు గదిలోనే మిక్సీలు, ఫ్యాన్లు, నీళ్ళ మోటార్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. అంతా విని, చేతిలోని స్క్రూడ్రైవరు పక్కన పెట్టాడు.

"ఆ పిల్ల బతికింది గదా," అన్నాడు.

"బతికింది. నా వల్ల కాదు బావా."

"మరింక జాగ్రత్తగా సూడు."

"జాగ్రత్తగానే చూస్తన్నాను. చూసేది నేనేనా అని అనుమానం."

అతను మళ్ళీ స్క్రూడ్రైవరు అందుకున్నాడు.

రెండు వారాల తరవాత విశాఖపట్నం నుంచి డాక్టర్ రజియా వచ్చింది. మెదడు మీద పరిశోధన చేసే మనిషి, నలభై దాటి ఉంటాయి. చేసిన పనే చేసే వాళ్ళ కోసం ఊరూరా వెతుకుతోందనీ, స్లైడులు చూసేవాళ్ళు కావాలని అడిగిందనీ పెద్ద డాక్టరుగారు చెప్పారు. ఆమె ల్యాబులో కుర్చీ లాక్కుని కూర్చుని, "ఈ గదిలో ఏమేం చప్పుళ్ళు వినిపిస్తున్నాయి మీకు?" అని అడిగింది.

వరహాలమ్మ చెవి పెట్టింది. "బయట ఆటో. ఎవరో పిల్లాడు ఏడుస్తన్నాడు."

"పైన ఫ్యాను?"

అప్పుడు వినిపించింది. టకటకమని, ఊడి పడేలా కొట్టుకుంటోంది ఫ్యాను. నాలుగేళ్ళుగా అలాగే కొట్టుకుంటోంది.

"మీ తప్పేం కాదు," అంది రజియా. "మన మెదడుకి రోజూ ఉండేదాన్ని పక్కన పడేయడం అలవాటు. కొత్తది వస్తేనే లేచి చూస్తుంది. మీ ఒంటి మీద చీర తగులుతోందని నేను అనేదాకా మీకు తెలియదు చూడండి, అలాగ. మీ కళ్ళ ముందు స్లైడుని కూడా అది ఫ్యాను చప్పుడుని చేసేసింది. మెదడులో అలా పక్కన పడేసే చోటుని నేను కాసేపు నిద్రపుచ్చుతాను."

బ్యాగులోంచి ఒక పట్టీ తీసింది. తలనొప్పికి కట్టుకునే గుడ్డంత వెడల్పు, లోపలివైపు బియ్యపుగింజలంత లోహపు చుక్కలు. పొద్దున్నే నలభై నిమిషాలు కట్టుకుంటే చాలని, ఏడెనిమిది గంటలు పనిచేసి సాయంత్రానికి దిగిపోతుందని చెప్పింది.

"ఏమీ అవదు కదా మేడమ్?"

"నలుగురికి పెట్టాం. ఏమీ కాలేదు. మీరు ఐదో మనిషి. మీకూ ఏమీ కాదని నేను రాసివ్వలేను."

ఆ మాట నచ్చి వరహాలమ్మ ఒప్పుకుంది.

మొదటి రోజు పట్టీ విప్పి మైక్రోస్కోపు ముందు కూర్చున్నప్పుడు ఏ తేడా తెలియలేదు. కన్ను ఆనించింది. ఆనించిన కన్ను తియ్యలేకపోయింది. కణాలన్నీ ఒక్క రంగు కాదు. అంచుల్లో ముదురు గులాబీ, నడిమికి వచ్చేసరికి పలచబడి దాదాపు తెలుపు. ఒకదాని మీద ఒకటి ఆనుకున్నచోట ఊదా నీడలు. మధ్యలో తెల్లకణం, లోపల ముదురు ఊదా ముద్దలు మూడు. ఇవన్నీ ఆమె పుస్తకంలో చదివినవే, పంతొమ్మిదేళ్ళుగా చూసినవే. చూడలేదని అప్పుడు తెలిసింది. కుర్చీ జరుపుకుని, స్లైడుని అంగుళం కూడా కాదు, వెంట్రుకవాసి చొప్పున జరుపుతూ పోయింది. తలెత్తేసరికి మధ్యాహ్నం ఒంటిగంటన్నర. ఆకలి కూడా తెలియలేదు.

ఆ వారంలో ఆమె పట్టుకున్నవి చూసి పై ల్యాబు వాళ్ళు ఫోను చేశారు. వంద చోట్ల వెతికినా ఒకే ఒక్క ఉంగరం ఉన్న స్లైడు, రంగు సరిగా పట్టక మసకబారిన స్లైడు, అన్నీ ఆమె కంటికి చిక్కాయి. రజియా ప్రతి శుక్రవారం వచ్చి లెక్కలు రాసుకునేది. రాసుకుంటూ ఒకసారి, "మీరు పాడుకుంటున్నారు, తెలుసా?" అని అడిగింది. వరహాలమ్మకు తెలియదు.

ఇంట్లోనూ వెలుగు వచ్చింది. పదేళ్ళుగా పనిలో సంగతి ఎత్తని మనిషి వచ్చీరాగానే చెప్పడం మొదలుపెట్టింది. రాగిపిండితో కాచిన చోడంబలి గిన్నె పట్టుకుని, ఒక్కో గుక్కా నాలుక మీద నిలిపి తాగింది. "ఇంత బాగుంటదని ఎప్పుడూ చెప్పలేదేటి బావా?" అంది. సన్యాసిరావు నవ్వి, "మా అమ్మ సెప్పింది, నువ్వే ఇనలేదు," అన్నాడు. శ్రీకాకుళంలో హాస్టల్లో ఉండి చదువుకునే కూతురు ఫోనులో, "అమ్మ గొంతేటి ఇలా ఉంది, చిన్నపిల్లలాగ," అని నాన్నను అడిగింది. సన్యాసిరావు ఆ నెలంతా ఈల వేస్తూ పనిచేశాడు.

ఐదో వారంలో పట్టీ ప్రభావం సాయంత్రానికి దిగడం మానేసింది. వరహాలమ్మ మొదట గమనించలేదు. పది నిమిషాల్లో నడిచే దారి అరగంట పట్టడం మొదలైంది. ప్రతి గోడ మీద రంగూ, ప్రతి గుమ్మంలో ముగ్గూ ఆమెను నిలబెట్టేవి. జాకెట్టు చేతుల కుట్టు రోజంతా ఒరుసుకుంటున్నట్టు తెలిసేది. కుక్కరు కూత గుండెలో గుచ్చుకునేది. పడుకుంటే పక్కింటి గడియారం ముల్లు అడుగు అడుగూ వినిపించేది. రజియాకు చెబితే నలభై నిమిషాలను ఇరవై చేసింది. అయినా తగ్గలేదు.

ఒక సాయంత్రం ఆమె వంటింట్లో అన్నం వారుస్తోంది. సన్యాసిరావు కొట్టు మూసి లోపలికి వచ్చాడు. రోజూలాగే మంచం మీద కూర్చుని కట్టుడు కాలు విప్పి గోడకు నిలబెట్టాడు. రోజూలాగే గోడ పట్టుకుని ఒంటికాలి మీద గెంతుకుంటూ, పొద్దున ఎవరో తెచ్చిన మిక్సీలో చచ్చిన బల్లి దొరికిన కబురు చెబుతూ వంటింటి గుమ్మం దాకా వచ్చాడు.

వరహాలమ్మ తల తిప్పి చూసింది. లుంగీ కింద, మోకాలి తరవాత, ఏమీ లేదు.

ఎనిమిదేళ్ళ కింద ఆసుపత్రిలో నర్సు దుప్పటి తీసినప్పుడు ఎలా చూసిందో అలాగే చూసింది. చేతిలోని గంటె ఆగిపోయింది. అంతసేపేమీ కాదు. గంటె కింద పెట్టేంతసేపు. కాని అతను చూశాడు.

కబురు సగంలో ఆగింది. అతను గోడ పట్టుకుని వెనక్కి తిరిగి, మంచం దగ్గరకు పోయి, కాలు మళ్ళీ తగిలించుకున్నాడు. పట్టీలు ఒక్కొక్కటే బిగించుకుని, రెండు కాళ్ళ మీదా నడుచుకుంటూ వచ్చి, అన్నానికి కూర్చున్నాడు.

"బల్లి సంగతి చెప్పలేదు," అంది వరహాలమ్మ.

"ఏటుంది, తీసి పారేసినాను," అన్నాడు.

మర్నాడు సాయంత్రం అతను కాలు విప్పలేదు. ఆ మర్నాడూ విప్పలేదు. దీపం ఆర్పాకే విప్పేవాడు, ఆమె లేవకముందే తగిలించుకునేవాడు. పొద్దున్నుంచి రాత్రి దాకా బిగించి ఉంచే వస్తువు కాదు అది. ఆరో రోజున బట్టలు ఉతుకుతుంటే, కాలి మొదలుకు తొడుక్కునే మెత్తటి మేజోడు మీద రక్తం మరక కనిపించింది. ఆ మేజోడు పట్టుకుని ఆమె కొట్లోకి వచ్చింది.

"విప్పు బావా. గాలి తగలాలి."

"పర్లేదు."

"పుండు పడింది. నువ్వు చెప్పకపోతే నాకు తెలీదనుకున్నావా?"

అతను చేతిలోని మోటారు కేసి చూస్తూ కూర్చున్నాడు. తరవాత నెమ్మదిగా చెప్పాడు.

"ఈ ఊళ్ళో ఎవులైనా ముందు నా కాలు సూత్తారు వరాలూ. కాలు సూసి, జాలి పడి, అప్పుడు మొకం సూత్తారు. నాకు తెల్దేటి? బజార్లో అలగే, బస్సులో అలగే. ఈ ఇంటిలో ఒక్కచోటే నాకు రెండు కాళ్ళుండేవి. మొన్నటిదాకా."

ఆమె తడి మేజోడు పట్టుకుని అలాగే నిలబడింది.  ఆ క్షణంలో కూడా ఆమె కళ్ళు అక్కడికే పోతున్నాయి, ఆపుకోవలసి వస్తోంది. అది అతనికి తెలుస్తూనే ఉంది.

శుక్రవారం రజియా వచ్చేసరికి పట్టీ బల్ల మీద మడిచి పెట్టి ఉంది.

"నాకింక వద్దు మేడమ్."

రజియా కాగితాలు ముందు పెట్టింది. ఏడు వారాలు, రెండు వేల పైచిలుకు స్లైడులు, ఒక్క తప్పు లేదు. మరెవరి కంటికీ ఆనని పదకొండు స్లైడుల్లో మలేరియా పట్టుకుంది వరహాలమ్మ. "పదకొండు మంది మనుషులు," అంది రజియా. "ఏడేళ్ళ నుంచి దీని మీద పని చేస్తున్నాను. ఇంత మంచి ఫలితం ఎక్కడా రాలేదు."

వరహాలమ్మ జరిగింది చెప్పింది. మేజోడు దాకా చెప్పింది. చివర్న, "ల్యాబులో ఉన్నంతసేపే పనిచేసి, ఇంటికి పోతే ఆగిపోయేలా చెయ్యలేరా?" అని అడిగింది.

"అలాగే చేశాననుకున్నాను. అది వేరే చోటుకి పాకుతోందని ఇప్పుడు తెలుస్తోంది. పని మీద అలవాటు వేరు, మనిషి మీద అలవాటు వేరు అని మెదడు రెండు అరలు పెట్టుకోలేదు. ఉన్నది ఒకటే అర."

రజియా చెప్పాలా వద్దా అన్నట్టు కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"నేనూ పెట్టుకుంటున్నాను. ఏడాది నుంచి. మా అమ్మా నేనూ ఒక్క ఇంట్లోనే ఉంటాం. ఈమధ్య మా అమ్మ నన్ను 'ఇంకొంచెం వడ్డించనా' అని అడుగుతోంది. అతిథిని అడిగినట్టు. ఎప్పుడూ అడిగేది కాదు, పళ్ళెంలో వేసేసేది. ఆవిడకి వయసు మీద పడుతోందనుకున్నాను. మీరు చెబుతుంటే అర్థమవుతోంది. నేను ఆవిడని ఎలా చూస్తున్నానో ఏమో."

 పైన ఫ్యాను టకటకా కొట్టుకుంటోంది. ఇద్దరికీ వినిపిస్తోంది.

"మళ్ళీ ఒక పార్వతిని వదిలేస్తానేమో మేడమ్," అంది వరహాలమ్మ. "అదే నా భయం."

"దానికి నా దగ్గర జవాబు లేదు," అంది రజియా. పట్టీని బ్యాగులో పెట్టుకుని వెళ్ళిపోయింది.

పట్టీ ప్రభావం దిగడానికి మూడు వారాలు పట్టింది. ముందు గడియారం చప్పుడు పోయింది. తరవాత కుట్టు ఒరుసుకోవడం పోయింది. అంబలి మళ్ళీ అంబలి అయింది. అది పోతున్నకొద్దీ వరహాలమ్మకు కొంత దిగులుగానే ఉండేది. మైక్రోస్కోపులో గులాబీ రంగు రోజురోజుకీ వెలిసిపోతుంటే, ఎవరినో బస్సెక్కించి వచ్చినట్టుండేది.

ఒకరోజు అన్నాలయ్యాక గిన్నెలు సర్దుతూ ముందు గదిలోకి చూసింది. కట్టుడు కాలు గోడకు నిలబెట్టి ఉంది. సన్యాసిరావు మంచం మీద లుంగీ పైకి దోపుకుని, కాలి మొదలుకు గాలి తగిలేలా కూర్చుని రేడియో విప్పుతున్నాడు. పుండు మాని పక్కు కట్టి ఉంది.

"ఎప్పుడు విప్పావు బావా?"

"ఆదోరం."

ఆ రోజు గురువారం. నాలుగు రోజులు ఆ ఒంటికాలితోనే అతను ఆమె చుట్టూ తిరిగాడు, ఆమెతో మాట్లాడాడు, ఆమె ఎదురుగా కూర్చుని తిన్నాడు.

"నువ్వు సూణ్ణేదు," అన్నాడు సన్యాసిరావు, అదేదో బహుమానం అందుకున్నవాడిలాగ.

ఇల్లు కుదుటపడింది. పనే కుదుటపడలేదు. వరహాలమ్మ చేతనైనదల్లా చేసింది. పది స్లైడులకోసారి లేచి నడిచింది. మొహం కడుక్కుంది. చూసినవే రెండోసారి చూసింది. అయినా మధ్యాహ్నానికి ఆ పాత మొద్దుతనం పొగమంచులా దిగేది. "లేదు" అని రాసిన చెయ్యి తనదేనా అని ఆగి చూసుకునేది. పట్టీ కోసం రజియాకు ఫోను చేద్దామని రెండుసార్లు అనుకుంది. మంచం పక్కన గోడకు నిలబెట్టిన కట్టుడు కాలు గుర్తొచ్చి మానుకుంది.

ఆ నెలలోనే ల్యాబులో రక్తం గొట్టాలు తిప్పే యంత్రం మోటారు ఆగిపోయింది. బాగుచేసే మనిషి పట్నం నుంచి రావడానికి పదిహేను రోజులు పడుతుందన్నారు. పెద్ద డాక్టరుగారే, "మీ ఆయన చూస్తాడేమో అడగమ్మా," అన్నారు. సన్యాసిరావు పనిముట్ల సంచీ భుజాన వేసుకుని ఆటోలో వచ్చాడు. భార్య పనిచేసే గదిలో అతను అడుగు పెట్టడం అదే మొదలు. మోటారు విప్పి, లోపల కరెంటు అందించే, అరిగిపోయిన బొగ్గుముక్కలు మార్చి, గంటన్నరలో యంత్రాన్ని తిరిగేలా చేశాడు. చేతులు కడుక్కుని, మైక్రోస్కోపు కేసి చూశాడు.

"పంతొమ్మిదేళ్ళు. ఒక్కసారైనా సూపించావేటి?"

"నువ్వడిగావా?"

"ఇప్పుడడుగుతన్నాను."

ఆమె తన కుర్చీ అతనికి ఇచ్చింది. అతను కన్ను ఆనించాడు. మొదట కనురెప్పల వెంట్రుకలు తప్ప ఏమీ కనిపించలేదు. కాస్త వెనక్కి జరగమని, ఈ మర నెమ్మదిగా తిప్పమని ఆమె చెప్పింది. తిప్పాడు. తిప్పుతున్న చెయ్యి ఆగిపోయింది. 

"ఇది రగతమేనా?"

"ఊఁ."

"ఎవులిది?"

"రెండు వేల నాలుగు వందల పదిహేడు."

అతను కన్ను తీసి ఆమెకేసి చూశాడు. "నంబరు కాదు. ఎవులిదీ అని."

ఆమెకు తెలియదు. రిజిస్టరులో పేరు ఉంటుంది, ఊరు ఉంటుంది. కాని చూసేటప్పుడు రిజిస్టరు తెరవదు. చూసి, నంబరు ఎదురుగా రాస్తుంది. ఎప్పుడూ అంతే.

"ఎవులిదో తెలకుండా ఎలా సూత్తావే?" అన్నాడు సన్యాసిరావు. తప్పు పట్టడం కాదు, నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నాకైతే పావుగంటలో నిద్దరొచ్చెత్తాది. నా కొట్టుకి మిక్సీ తెత్తే ముందు అడుగుతాను, దీంట్లో ఏటి రుబ్బుతారని. అట్లపిండి రుబ్బినోళ్ళ మిక్సీ ఒకలాగ పాడవుద్ది, పసుపు కొట్టినోళ్ళది ఇంకోలాగ. ఇప్పకముందే సగం తెలిసిపోద్ది. ఆళ్ళిల్లు కళ్ళకి కట్టినట్టుంటాది. ఆ మిక్సీని మరోటి అనుకోడం ఎలగ?"

"రక్తాన్ని అడగలేను కదా బావా."

"ఇచ్చినోళ్ళని అడగొచ్చు," అని అతను మళ్ళీ కన్ను ఆనించాడు. "ఈ తెల్లగా పెద్దగా ఉన్నదేటి? దీని పొట్టలో ముద్దలేటి?"

ఆమె చెప్పింది. ఒకటి చెబితే అతను మరొకటి అడిగాడు. చెబుతూ చెబుతూ ఆమె పక్కనుంచి తానూ వంగి చూసింది. ఆ గంటలో మొద్దుతనం దిగలేదని అతన్ని ఆటో ఎక్కించాక గానీ ఆమెకు తోచలేదు.

వరహాలమ్మ పెద్ద డాక్టరుగారిని అడిగి, ప్రతి గురువారం జోజమ్మతో కలిసి కొండెక్కడం మొదలుపెట్టింది. జోజమ్మ ఆరోగ్య కార్యకర్త. కొండమీద గురువారాల్లో జరిగే జీలుగువలస సంతకు వచ్చే జనంలో జ్వరం ఉన్నవాళ్ళ వేలికి సూది గుచ్చి, గాజు పలక మీద రక్తపు చుక్క తీసుకుని కిందకు పంపేది ఆమే. పంతొమ్మిదేళ్ళుగా వరహాలమ్మకు ఆమె చేతిరాత తెలుసు, మనిషి తెలియదు.

"మీరేటమ్మా ఇక్కడికి?" అంది జోజమ్మ మొదటి రోజు, అనుమానంగా. తన పని తనిఖీ చెయ్యడానికి వచ్చిందనుకుంది.

"మనుషుల్ని చూద్దామని వచ్చాను."

చూసింది. అల్లం మూట దింపుకుని, చెయ్యి చాపి, సూది గుచ్చుతుంటే మొహం పక్కకు తిప్పుకున్న మీసాలాయన. అక్కను పట్టుకుని వణుకుతున్న, ఏడేళ్ళుంటాయేమో, పచ్చ గౌను పిల్ల. జ్వరం లేకపోయినా తన వేలు కూడా గుచ్చమని పట్టుబట్టిన ముసలాయన. శుక్రవారం ల్యాబులో రిజిస్టరు పక్కనే తెరిచి పెట్టుకుని కూర్చుంది. ఆ పచ్చ గౌను పిల్ల స్లైడు వచ్చేసరికి ఆమె చెయ్యి దానంతట అదే నెమ్మదించింది. ఎనభై చోట్ల ఏమీ లేదు. ఎనభై ఒకటో చోట ఒక ఉంగరం. ఫోను తీసి, జోజమ్మకు చెప్పేదాకా ఆమె కూర్చోలేకపోయింది.

అన్ని రోజులూ అలా లేవు. సంత నుంచి వచ్చేవి పాతిక, మిగతా ఊళ్ళవి ముప్పై అయిదు. ఆ ముప్పై అయిదు ఇంకా నంబర్లే. వానరోజుల్లో, ఒంట్లో బాగాలేని రోజుల్లో పొగమంచు మామూలుగానే దిగేది. కాని దిగుతున్నట్టు ఇప్పుడు ఆమెకు తెలిసేది. తెలిసినప్పుడు రిజిస్టరులో పేరు పైకి చదివేది. ఊరు చదివేది. అప్పుడు కన్ను ఆనించేది.

మూడు నెలల పెట్టెలూ సరేనని వచ్చాయి. ఒక స్లైడు మీద మాత్రం పై ల్యాబు వాళ్ళు ప్రశ్నార్థకం పెట్టారు. దాని ఎదురుగా వరహాలమ్మ ముందే "అనుమానం, మళ్ళీ రక్తం తీయాలి" అని రాసి ఉంది.

ఆ లెక్కలు చూడటానికి రజియా ఒకసారి వచ్చింది. పట్టీ పని ఆపేసిందట. పని మీద చూపును తాజా చేసే యంత్రం ఇంటి మీద చూపును ఏం చేస్తుందో ముందు రాస్తానని, అది రాయకుండా ఇంకెవరి తలకూ కట్టనని చెప్పింది. తనూ విప్పేసింది.

"మొన్న మా అమ్మ నన్ను తిట్టింది," అంది. "తడి తువ్వాలు మంచం మీద పడేశానని. ఏడాదిలో మొదటిసారి." ఆ చెప్పడంలో గర్వం లాంటిది ఉంది.

వానలు వెనకబట్టాక వచ్చిన ఒక గురువారం వరహాలమ్మ సంతకు మైక్రోస్కోపు కూడా పట్టుకెళ్ళింది. ల్యాబులో మూలపడి ఉన్న పాతది, కరెంటు అక్కర్లేకుండా అద్దంతో ఎండను పట్టుకుని పనిచేసేది. తన రక్తం ఎవరు చూస్తారు, ఎలా చూస్తారు అని అడిగేవాళ్ళు ఎక్కువవుతున్నారు. నోటితో చెప్పేకంటే చూపిద్దామనుకుంది. చింతచెట్టు పక్కన ఎండ పడేచోట స్టూలు వేసి, అద్దం తిప్పి వెలుతురు కుదిర్చింది.

మొదట ఎవరూ దగ్గరకు రాలేదు. తరవాత చీపుళ్ళు అమ్మే ముసలామె ఒకత్తె వచ్చింది. డెబ్బై ఏళ్ళుంటాయి, ముక్కుకు మూడు కమ్ములు. జోజమ్మ ఆమె వేలు గుచ్చి ఒక చుక్క తీసింది. వరహాలమ్మ దాన్ని గాజుపలక మీద పలచగా పరిచి, ఆరకముందే ఆమె కన్ను సరిగ్గా ఆనేలా తల పట్టుకుని వంచింది.

ముసలామెకు కనిపించిందని ఆమె వీపు చూస్తేనే తెలిసింది. రంగు వెయ్యని రక్తం, లేత పసుపు రంగు బిళ్ళలు, ఒకదాన్నొకటి తోసుకుంటూ కదులుతున్నాయి.

"ఇయన్నీ నాలోనే ఉన్నాయా?"

"మీలోవే."

"పుట్టినకాడి నుంచీ ఇయ్యేనా?"

"కాదమ్మా. ఒక్కోటి నాలుగు నెలలే బతుకుతాది. పాతవి పోతుంటాయి, కొత్తవి పుడతుంటాయి."

ముసలామె కన్ను తీసి, లెక్క వేసుకుంటున్నట్టు కొండకేసి చూసింది. మళ్ళీ వంగి చూసింది. తరవాత తిరిగి, చీపుళ్ళ దగ్గర కూర్చున్న చెల్లెలితో గట్టిగా చెప్పింది.

"ఓలె, ఎండల్లో సింతపండు కొట్టినప్పుడు నాలో ఉన్న రగతం ఇది కాదట. అదంతా ఎల్లిపోనాదట. ఇది వానలకి పుట్టింది."

చెల్లెలు చీపుళ్ళు వదిలేసి లేచి వచ్చింది. ఆమె వెనక అల్లం అమ్మేవాళ్ళు ఇద్దరు, వాళ్ళ వెనక ఇంకెవరో. వరహాలమ్మ కొత్త గాజుపలక అందుకుంది. కణాలు నాలుగు నెలలే బతుకుతాయన్నది ఆమె చదువుకునే రోజుల్లో పరీక్షలో రాసిన సంగతి. ఈ పంతొమ్మిదేళ్ళలో ఆమె కన్ను కింద ఏ ఇద్దరి రక్తమూ ఒకటి కాదు. ఒకే మనిషి రెండుసార్లు వచ్చినా అది పాత రక్తం కాదు. అది తెలిసి ఉండీ ఒక్కసారీ తలచుకోలేదు.

సాయంత్రం దాకా వరుస తరగలేదు. ఎండ కొండ వెనక్కి జారుతుంటే అద్దాన్ని జరుపుకుంటూ, స్టూలును జరుపుకుంటూ, చూసిన ప్రతివాళ్ళూ తలెత్తినప్పుడు వాళ్ళ మొహాలు చూస్తూ కూర్చుంది.

మర్నాడు ఆమె ల్యాబుకు వెళ్ళేసరికి ఊడ్చే మనిషి ఇంకా రాలేదు. తనే తలుపు తీసి, కిటికీలు తెరిచి, రిజిస్టరు పక్కన పెట్టుకుంది. మొదటి పేరు పైకి చదివింది. నూనె చుక్క వేసి, కన్ను ఆనించింది.